ఒక టబ్బు, రెండు గ్లాసులు: ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలతో ఇంట్లోనే సెన్సరీ ప్లే ఎలా చేయించాలి

మా పాపకి ఏడాదిన్నర ఉన్నప్పుడు మొదటిసారి సెన్సరీ ప్లే పెడదామని నడుం కట్టాను. బియ్యానికి నాలుగు రంగులు వేసి, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున్నే పెద్ద ట్రేలో ఇంద్రధనుస్సులా పోసి, మధ్యలో బొమ్మ జంతువుల్ని నిలబెట్టాను. పాప వచ్చింది. ట్రే అంచు పట్టుకుని ఒకసారి తొంగి చూసింది. పక్కన పడేసిన స్టీలు డబ్బా మూత తీసుకుని వెళ్లి, దాన్ని నేలకేసి కొట్టుకుంటూ పావుగంట ఆడుకుంది. గచ్చు మీద కొడితే ఒక చప్పుడు, చాప మీద కొడితే ఇంకో చప్పుడు. మధ్యలో ఆపి, చల్లగా ఉందని కాబోలు, చెంపకి ఆనించుకుంది. తనకి కావాల్సినవన్నీ ఆ మూతలోనే ఉన్నాయి. నాలుగు రంగులూ నా ముచ్చట కోసం వేసుకున్నవే.

అందుకే ఇక్కడ చెప్పేవన్నీ ఒకే పద్ధతిలో ఉంటాయి: ఒక పాత్ర, ఒక పదార్థం, చేతికి ఒకటో రెండో వస్తువులు. అంతకుమించి పెడితే మీకు పని పెరుగుతుంది, పిల్లలకి ఆట తగ్గుతుంది.

సెన్సరీ ప్లే అనే పేరు వింటే ఏదో కోర్సులా అనిపిస్తుంది గానీ, తాకి, పిసికి, కొట్టి, ఒంపి, వాసన చూసి, వీలైతే నాకి చూసి ఒక వస్తువు సంగతి తేల్చుకోవడమే అది. పుట్టిన దగ్గర నుంచి సుమారు రెండేళ్ల దాకా పిల్లలు ఆలోచించేదే చేతులతో, నోటితో, ఒంటి కదలికలతో అని స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే చెప్పాడు. కళ్లు, చెవులు, ముక్కు, నాలుక, చర్మం మనకి తెలిసినవే. వీటికి తోడు ఒళ్లు ఒరుగుతోందా నిలబడిందా అని చెప్పే సమతూకం ఒకటి, కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో తెలిపే జ్ఞానం ఇంకొకటి ఉంటాయి. సోఫా మీంచి దూకడం, కుర్చీని ఇల్లంతా నెట్టుకుంటూ తిరగడం అల్లరి కాదు, ఆ రెండింటి సాధనే.

ముందు చోటు చూసుకోండి

ఆట మొదలుపెట్టేముందే, అయిపోయాక ఎలా ఎత్తాలో ఆలోచించుకోండి. చాలామంది రెండోసారి పెట్టకపోవడానికి కారణం పిల్లలు ఆడకపోవడం కాదు, మొదటిసారి ఊడ్చుకోలేక చావడం.

పొడి పదార్థమైతే పాత దుప్పటి పరిచి దాని మధ్యలో టబ్బు పెట్టండి. అయిపోయాక నాలుగు మూలలూ కలిపి ఎత్తితే చిందినదంతా మధ్యలోకి వచ్చేస్తుంది, తిరిగి డబ్బాలో పోసుకోవచ్చు. తడి ఆటలకి స్నానాల గది నేలే మంచిది. అది కుదరకపోతే రబ్బరు షీటు వేసి, దాని మీద తువ్వాలు పరవండి. షీటు ఒక్కటే వేస్తే నీళ్లు పడగానే జారుతుంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక తడిగుడ్డ, ఒక పొడి తువ్వాలు, మార్చడానికి బట్టలు ముందే పెట్టుకోండి. చేతులు నిండా పిండితో ఉన్న పిల్లని వదిలేసి తువ్వాలు కోసం బీరువా దాకా వెళ్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

టబ్బు వెడల్పుగా, లోతు తక్కువగా ఉండాలి. బట్టలు నానబెట్టే బేసిన్ చాలు. పిల్ల నేల మీద కూర్చుంటే అంచు పొట్ట దగ్గరకి రావాలి. ఎత్తు ఎక్కువైతే చేతులు లోపలికి పెట్టలేక టబ్బునే తన మీదికి వంచుకుంటుంది.

వేళ కూడా ముఖ్యమే. ఆకలి మీద, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు పెట్టకండి. తిని, పడుకుని లేచిన తర్వాత ఒక గంట మంచిది. స్నానానికి కాస్త ముందైతే ఇంకా మంచిది, ఒంటికి ఏమంటుకున్నా టెన్షన్ ఉండదు.

నోటి సంగతి

ఈ వయసులో ఏదైనా ముందు నోట్లోకే వెళ్తుంది. ‘నోట్లో పెట్టుకోకు’ అని వందసార్లు చెప్పేకన్నా, పెట్టుకున్నా ప్రాణం మీదికి రానివే ముందు పెట్టడం తెలివైన పని.

చిన్న వస్తువుల్ని కొలవడానికి ఇంట్లోనే ఒక సాధనం ఉంది. టిష్యూ రోలు అయిపోయాక మిగిలే అట్ట గొట్టం. ఆ గొట్టంలోంచి పడిపోయే గట్టి వస్తువేదీ మూడేళ్లలోపు పిల్లల చేతికి ఇవ్వకండి. బొమ్మల తయారీదారులు చిన్న భాగాల్ని పరీక్షించే గొట్టం 3.17 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. టిష్యూ రోలు అంతకన్నా కాస్త పెద్దది, కాబట్టి మనం జాగ్రత్త వైపే ఉంటాం.

కొన్ని మాత్రం ఏ వయసు లెక్కా లేకుండా ఇంట్లోంచే తీసేయాలి. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగురంగుల జెల్ గోళీలు, అంటే వాటర్ బీడ్స్, ఇందులో మొదటివి. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, సెన్సరీ ప్లే వీడియోల్లో తెగ కనిపిస్తాయి. మింగితే కడుపులోనూ ఉబ్బి పేగుకి అడ్డుపడతాయి, మామూలు ఎక్స్‌రేలో సరిగ్గా కనిపించవు కూడా. బొత్తాంలా గుండ్రంగా ఉండే చిన్న బటన్ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. అందుకని లైట్లు వెలిగే, పాటలు పాడే బొమ్మలు పెట్టేముందు బ్యాటరీ మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. చిన్న అయస్కాంతాలు, పగిలిన బెలూన్ ముక్కలు, మెరుపుల పొడి కూడా వద్దు.

ఇక బరువైన నియమం ఒక్కటే. ఆట నడుస్తున్నంతసేపూ పెద్దవాళ్లొకరు చేతికందే దూరంలో కూర్చోవాలి. పక్క గదిలోంచి ‘చూస్తూనే ఉన్నా’ అంటే కుదరదు.

నీళ్లతో మొదలుపెట్టండి

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను కళ్లు మూసుకుని నీళ్లే అంటాను. తయారుచేసేది ఏమీ లేదు, కడిగేది అంతకన్నా లేదు, పాడవ్వవు.

బేసిన్‌లో రెండు వేళ్ల లోతు మించకుండా గోరువెచ్చని నీళ్లు పోయండి. మీ ముంజేతి మీద చుక్క వేసుకుంటే వేడి, చల్లన ఏదీ తెలియకూడదు. దగ్గర రెండు గ్లాసులు పెట్టండి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. పిడి ఉన్న కప్పయితే ఏడాది పిల్లలకి పట్టుకోవడం తేలిక. గాజువి వద్దు. అంతే, ఇక మీరు పక్కన కూర్చోండి.

ఏం చేస్తుందో చూడండి. ముందు అరచేత్తో నీళ్లని టపటపా కొడుతుంది. మొహం మీద చుక్కలు పడితే ఒక్క క్షణం ఆగి, ఏడవాలా నవ్వాలా అని మీ మొహం చూస్తుంది. మీరు నవ్వితే తనూ నవ్వుతుంది. తర్వాత గ్లాసు ముంచి, ఎత్తి, ఒంపేస్తుంది. మళ్లీ ముంచుతుంది. ఇరవైసార్లయినా ఇదే. కొన్నాళ్లకి ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోయాలన్న ఆలోచన వస్తుంది. అప్పుడు చూడాలి ఆ మొహం! నాలుక చివర బయటికి వస్తుంది, ఊపిరి బిగబడుతుంది, గ్లాసు వంగుతుంది, నీళ్లు పక్కన పడతాయి. ఖాళీ అయిన గ్లాసుని తలకిందులు చేసి, లోపలికి చూసి, మళ్లీ ఊపుతుంది, ఇంకా ఉన్నాయేమోనని. ఆ క్షణంలో ‘అలా కాదమ్మా, ఇలా’ అని మన చెయ్యి ముందుకు వెళ్లిపోతుంది. ఆ చేతిని వెనక్కి లాక్కోండి. పక్కన పడిన నీళ్లే తనకి పాఠం.

మరియా మాంటెస్సోరి 1907లో రోములో తెరిచిన బడి నుంచి పుట్టుకొచ్చిన పద్ధతిలో, ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయడం ఇప్పటికీ పిల్లలకి అప్పజెప్పే పనుల్లో ఒకటి. మనం ఇంట్లో ‘నీళ్లతో ఆడకు’ అని గద్దించే పనే అది.

రెండో రోజు గ్లాసు ఒకటి తీసేసి స్పాంజి ఇవ్వండి. పిండితే నీళ్లెక్కణ్నుంచి వచ్చాయో కనిపెట్టడానికే వారం పడుతుంది. చిన్న ముక్క కొరికి మింగే ప్రమాదం ఉంది కాబట్టి కొత్తది, గట్టిది, గుప్పిట్లో ఇమడనంత పెద్దది తీసుకోండి. ఇంకో రోజు జల్లెడ, ఆ తర్వాత గరాటు. తేలేవి, మునిగేవి రెండేళ్లు దాటాక పెట్టండి: చెక్క చెంచా, స్టీలు చెంచా, ప్లాస్టిక్ మూత. మునుగుతుందా, తేలుతుందా అని మీరు ముందే చెప్పేయకండి. మూత బోర్లా వేస్తే తేలి, నీళ్లు నిండితే మునగడం చూసి మా పాప ఆ మూతని పట్టుకుని కోప్పడింది.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. రెండు అంగుళాల నీళ్లలో కూడా చిన్న పిల్లలు మునిగిపోగలరు, అదీ ఏ చప్పుడూ లేకుండా. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా పిల్లని ఎత్తుకుని వెళ్లండి. ఆట అవగానే బేసిన్ పారబోసి బోర్లించండి. తర్వాత పారబోద్దాంలే అని వదిలేసిన నీళ్లే ఎక్కువ ప్రమాదం.

మాట్లాడాలా, ఊరుకోవాలా?

ఆడుతున్నంతసేపూ ‘ఇదేం రంగు? ఎన్ని ఉన్నాయి?’ అని పరీక్ష పెట్టకండి. అలాగని మూగనోము పట్టక్కర్లేదు. తన చేతుల్లో జరుగుతున్నదానికి మాట అందించండి, చాలు. ఇందులో తెలుగు మనకి పెద్ద అండ. నీళ్లు జలజలా పడుతున్నాయి, మూత బుడుంగుమని మునిగింది, గింజలు గలగలలాడుతున్నాయి, పిండి జిగటగా ఉంది, గుడ్డ గరుగ్గా ఉంది, మంచు జిల్లుమంది. చప్పుడుకి, స్పర్శకి ఇన్ని మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. పిల్లలు ముందు పట్టుకునేవి కూడా ఇవే. మా పాప ‘నీళ్లు’ అనడానికి నెల ముందే ‘బుడుంగ్’ అంది.

వండిన పిండిముద్ద

నీళ్ల తర్వాత ఎక్కువ రోజులు నిలబడే ఆట ఇది. బజారులో దొరికే ప్లే-డో అనే రంగుల ముద్ద కూడా మొదట బొమ్మ కాదు. బొగ్గు పొయ్యిల మసి అంటిన గోడ కాగితాల్ని తుడవడానికి అమెరికాలో అమ్మిన ముద్ద అది. 1956లో పిల్లల ఆటవస్తువుగా పేరు మార్చుకుంది.

ఇంట్లో చేసేటప్పుడు పచ్చి పిండి కలిపి ఇవ్వకుండా, వండే పద్ధతి ఎంచుకోండి. పచ్చి పిండిలో ఈ-కోలి, సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది, పిల్లల చేతులేమో నోట్లోనే ఉంటాయి. పైగా వండిన ముద్ద మెత్తగా వస్తుంది, ఎక్కువ రోజులు ఉంటుంది.

కావాల్సినవి: ఒక కప్పు మైదా, అర కప్పు మెత్తని ఉప్పు, ఒక కప్పు నీళ్లు, ఒక పెద్ద చెంచా నూనె, ఒక పెద్ద చెంచా నిమ్మరసం. ఇష్టమైతే రెండు చుక్కలు ఫుడ్ కలర్.

1. పొయ్యి వెలిగించకముందే మందపాటి గిన్నెలో అన్నీ వేసి ఉండలు లేకుండా కలపండి. దోసెల పిండిలా జారుగా ఉంటుంది, కంగారుపడకండి.

2. సన్నని మంట మీద పెట్టి, చెక్క గరిటెతో అడుగంటకుండా తిప్పుతూనే ఉండండి. రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి అక్కడక్కడా గడ్డకడుతుంది, గరిటె బరువెక్కుతుంది.

3. ముద్దంతా గరిటె చుట్టూ చేరి గిన్నె అంచుల్ని వదిలేస్తే అయిపోయినట్టే. చెయ్యి తడిచేసుకుని కాస్త తాకి చూడండి, వేలికి అంటకూడదు. అంటితే ఇంకో అర నిమిషం తిప్పండి.

4. పళ్లెంలోకి తీసి, గోరువెచ్చగా అయ్యాక బాగా మర్దించండి. చెవితమ్మె పట్టుకుంటే ఎంత మెత్తగా ఉంటుందో అంత మెత్తదనం రావాలి. పైకి చల్లారినట్టున్నా మధ్యలో వేడి దాక్కుని ఉంటుంది, ముద్దని చీల్చి చూసి గానీ పిల్లలకి ఇవ్వకండి.

గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు వారాలు హాయిగా వస్తుంది. పులిసిన వాసన వచ్చినా, చుక్కలు కనిపించినా ఆలోచించకుండా పారేయండి.

ఇందులో ఉప్పు చాలా ఎక్కువ. ఒకసారి నాకి మొహం చిట్లించి ఊరుకునే పిల్లలకి పర్వాలేదు. ముక్కలు తుంచి మింగేసే పిల్లలకి మాత్రం ఇప్పుడే వద్దు, ఇంకో ఆరు నెలలు ఆగండి. ఇంట్లో కుక్క ఉంటే దానికి అందకుండా దాచండి, అంత ఉప్పు దానికి విషంతో సమానం.

ఇక ఆడించడం. అచ్చులు, కత్తులు, రోలర్ల సెట్ ఏదైనా ఉంటే దాన్ని అటకెక్కించండి. మొదటి వారం ఉత్త ముద్దే. నిమ్మకాయంత ముద్ద ఇచ్చి, మీరూ ఒకటి తీసుకోండి. మీరు ఏనుగు చేస్తే పిల్ల తన ముద్ద మానేసి ఏనుగు చేసిపెట్టమని మీ వెంట పడుతుంది, ఇక తన చేతులు పనిచేయవు. అందుకని మీరు కూడా వేలితో గుచ్చండి, చీల్చండి, చదును చేయండి, అంతవరకే. గుచ్చడం అయ్యాక చిదమడం, ఆ తర్వాత చిన్న చిన్న ముక్కలు తుంచి వరసగా పెట్టడం వస్తాయి. రెండో వారం ఒక పెద్ద చెంచా ఇవ్వండి. చెంచాని ముద్దలో పాతిపెట్టి మళ్లీ లాగడం ఎంతసేపటి ఆటో మీరే చూస్తారు.

పొడి టబ్బు

పైన చెప్పిన గొట్టం నియమానికి బియ్యం ఒక్కటే మినహాయింపు, అదీ రెండేళ్లు దాటి, నోట్లో పెట్టుకునే అలవాటు తగ్గాకే. అంతకన్నా చిన్నవాళ్లకి అదే టబ్బులో పొడవాటి కాగితం పేలికలు, రకరకాల గుడ్డ ముక్కలు వేయండి. నూలు, ఉన్ని, పట్టు, తువ్వాలు బట్ట, ఒక్కోటీ అరచేతికన్నా పెద్దగా. లోపల ఒక బొమ్మని దాస్తే వెతుక్కుంటారు.

బియ్యమైతే మూడు నాలుగు కప్పులు చాలు, ఒక గరాటు, ఒక చెంచా, ఒక గిన్నె. రంగు వేయాలని మీకూ ముచ్చటగా ఉంటే, కప్పు బియ్యానికి ఒక చెంచా వెనిగర్, కొద్దిగా ఫుడ్ కలర్ జిప్ కవర్‌లో వేసి కుదిపి, పళ్లెంలో ఆరబెట్టండి. నా అనుభవం ముందే చెప్పాను, తర్వాత మీ ఇష్టం.

చిక్కుడు, రాజ్మా, శనగల్లాంటి గింజలు వద్దు. ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటే తడికి ఉబ్బి ఇంకా బిగుసుకుంటాయి. అలా ఎప్పుడైనా జరిగితే వేలితో, పిన్నుతో తీయబోకండి, లోపలికి పోతుంది. నేరుగా డాక్టరు దగ్గరికే. పచ్చి రాజ్మా కొరికి మింగినా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

విసరడం మొదలెడితే? ‘బియ్యం టబ్బులో ఉంటాయి’ అని ఒక్కసారి మామూలు గొంతుతో చెప్పండి. మళ్లీ విసిరితే మూత పెట్టేయండి. అరవక్కర్లేదు, శిక్షలా చేయక్కర్లేదు. చాలాసార్లు విసరడం అంటే ‘నాకు అయిపోయింది’ అని చెప్పడమే. నిజంగా విసరాలనే ఉంటే మేజోళ్లు ఉండలు చుట్టి ఇచ్చి, బుట్టలోకి విసరమనండి.

గట్టిదో ద్రవమో తేలనిది

రెండు కప్పుల కార్న్‌ఫ్లోర్‌కి ఒక కప్పు నీళ్లు. ఇది చెబితే నమ్మరు, చేసి చూడాల్సిందే. గుప్పిట పట్టి నొక్కితే గట్టి ఉండ అవుతుంది, గుప్పిట విప్పగానే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. నీళ్లలో తేలాడే పిండి రేణువులు మెల్లగా కదిలితే ఒకదాన్నొకటి తప్పుకుంటాయి, ఒక్కసారిగా నొక్కితే తప్పుకునే వ్యవధి లేక ఇరుక్కుపోతాయి. మా ఇంట్లో పిల్లకన్నా తాతయ్యే ఎక్కువసేపు ఆడుకున్నారు.

పొడి గాల్లో లేచి ముక్కులోకి పోకుండా, కలిపే పని మీరే చేసి టబ్బు తీసుకురండి. మరీ పలచగా ఉంటే చెంచా పిండి, మరీ గట్టిగా ఉంటే చెంచా నీళ్లు వేసి సరిచేయండి. అయిపోయాక సింకులో పోయొద్దు, పైపు అడుగున పేరుకుని గడ్డకడుతుంది. ఎండనిచ్చి, పెచ్చులుగా రాగానే చెత్తబుట్టలో వేయండి. బట్టల మీద పడ్డదీ అంతే, ఎండాక దులిపితే రాలిపోతుంది. తడిగా ఉండగా రుద్దితేనే తంటా.

మంచుగడ్డ

చిన్న ఐస్ ముక్కలు గొంతుకి అడ్డం పడతాయి. పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, ఒక పెద్ద బొమ్మ వేసి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. పొద్దున బయటికి తీశాక పది నిమిషాలు వదిలేయండి. అప్పుడే తీసిన మంచు తడిలేని వేలికి, నాలుకకి అతుక్కుంటుంది. పైన తడి మెరిశాక టబ్బులో పెట్టి, ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, ఒక చెంచా ఇవ్వండి. చెంచాతో పోసిన చోటల్లా గుంట పడుతుంది. తొందరగా కరుగుతుందని ఉప్పు మాత్రం చల్లొద్దు, మంచు మీద ఉప్పు పడితే చలి ఇంకా పెరిగి చర్మం దెబ్బతింటుంది. చేతులు ఎర్రబడితే తువ్వాల్లో కాసేపు చుట్టి, మళ్లీ ఆడనివ్వండి.

చేతికి అంటని రంగులు

కొందరు పిల్లలకి తడి, జిగట అంటే చిరాకు. ఇంకా నోట్లోనే పెట్టుకునే వయసు వాళ్లకి కూడా ఇదే సరైనది. మందపాటి జిప్ కవర్‌లో రెండు రంగుల పెయింట్ చెరో రెండు చెంచాలు వేసి, గాలంతా నొక్కి తీసేసి, మూసిన అంచు మీద టేపు అంటించండి. తర్వాత కవర్‌ని నాలుగు వైపులా టేపుతో నేలకో కిటికీ అద్దానికో అతికించండి. వేలు పెట్టి నొక్కితే దారి పడుతుంది, రెండు రంగులు కలిసిన చోట మూడోది పుడుతుంది. టేపు ఊడిందేమో కనిపెట్టుకుని ఉండండి, విడిగా ఉన్న ప్లాస్టిక్ కవర్ పిల్లల చేతిలో ఉండకూడదు.

ఇక రెండు నిమిషాల్లో సిద్ధమయ్యేవి కొన్ని. ఖాళీ టిష్యూ పెట్టెలో గుడ్డలు కుక్కి ఒక్కోటీ లాగమనడం. ప్లాస్టిక్ సీసాలో మూడో వంతు బియ్యం పోసి, మూతని జిగురుతో అతికించి ఊపమనడం. గదిలో దీపం ఆర్పి, టార్చి వెలుగులో గోడ మీద చేతి నీడ చూపించడం. రెండున్నర ఏళ్లు దాటితే సంచిలో చెంచా, దువ్వెన, బంతి వేసి, చూడకుండా చెయ్యి పెట్టి దువ్వెన తీయమనడం. ఇది మొదటిసారి చేసినప్పుడు పిల్లలు సంచిలోకి తొంగి చూసేస్తారు, చూడనివ్వండి.

ఒళ్లంతా ఆట

టబ్బులేవీ తీయాలని లేని రోజు బట్టల బుట్టలో నాలుగు దిండ్లు వేసి, గది ఆ చివరికి నెట్టుకెళ్లమనండి. బరువు నెట్టడం, లాగడం, మొయ్యడం ఈ వయసు పిల్లలకి వట్టి ఆటే కాదు, దాని తర్వాత నెమ్మదిస్తారు కూడా. మా ఇంట్లో సాయంత్రం చిరాకుకి ఇదే మందు. నేల మీద దిండ్లు పరిచి వాటి మీద నడవమనడం, మీ కాళ్ల కిందుగా పాకమనడం, చేతులు పట్టుకుని ఒక్కసారి గుండ్రంగా తిరగడం ఇందులోవే. తిప్పేటప్పుడు మణికట్లు పట్టుకుని గాల్లోకి లేపకండి, మోచేతి ఎముక పక్కకి జరిగే వయసు ఇది. చంకల కింద పట్టుకోండి.

ముట్టుకోనంటే

పిండి చూసి చేతులు వెనక్కి దాచుకుంటే బలవంతాన వేలు ముంచకండి. ఒక్కసారి అలా చేస్తే మళ్లీ నెల రోజులు దగ్గరికి రారు. చెంచాతోనో బ్రష్‌తోనో ముట్టుకోమనండి. అదీ వద్దంటే మీరు ఆడుకుంటూ ఉండండి, పక్కన కూర్చుని చూడటం కూడా ఆటే. పక్కన తడిగుడ్డ పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడుచుకోవచ్చని చూపించండి. తుడుచుకునే వీలుందని తెలిశాకే ముంచే ధైర్యం వచ్చే పిల్లలు చాలామంది.

కాకపోతే ఒకటి గమనించండి. జిగట ఒక్కటే కాక, బట్టలు వేసుకోవడం, స్నానం, తిండి, మామూలు చప్పుళ్లు ఇన్నింటికీ రోజూ గగ్గోలు పెడుతుంటే, దానివల్ల ఇంట్లో రోజు గడవడమే కష్టమవుతుంటే పిల్లల డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. అవసరమైతే వాళ్లే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి, అంటే ఇలాంటి రోజువారీ పనుల్లో ఇబ్బందికి సాయపడే నిపుణుల దగ్గరికి పంపిస్తారు.

ఆపడం ఎలా?

మీరు పావుగంట సిద్ధం చేసింది మూడు నిమిషాల్లో వదిలేసి వెళ్లిపోవచ్చు. తప్పేం లేదు. మూత పెట్టి, రేపు మళ్లీ అదే తీయండి. కొత్తది వెతకక్కర్లేదు, అదే టబ్బు మూడోసారి చూసినప్పుడు గానీ కొందరు చెయ్యి పెట్టరు.

ఇంకా ఆడుతుండగా మీరే ఆపాల్సి వస్తే ‘ఐదు నిమిషాలు’ అని చెప్పకండి, ఈ వయసుకి నిమిషమంటే తెలియదు. ‘ఇంకో మూడు గ్లాసులు పోసి ఆపేద్దాం’ అనండి. ఒకటి, రెండు, మూడు అని మీరూ కలిసి లెక్కపెట్టండి. మూడోది పోశాక టబ్బు తీసేసి, అదే చేతిలో స్పాంజి పెట్టి నేల తుడవమనండి. తుడిచిన చోటే తుడుస్తుంది, పొడిగా ఉన్న చోటే తుడుస్తుంది, స్పాంజిలో నీళ్లున్నాయని గుర్తొచ్చి మీ కాలి మీద పిండుతుంది. తుడవడానికి ఇచ్చిన దాంతోనే ఇంకో పది నిమిషాలు గడుస్తాయి. కాబట్టి బట్టలు మార్చడం ఆ తర్వాతే పెట్టుకోండి.